యాభై ఓమ్‌ల పెద్దమనిషి

మొన్న పొద్దున్నే మా పాత స్టాఫ్ గ్రూపులో ఆయన ఫోటో వచ్చింది. దండ వేసిన ఫోటో. దాని కింద వరసగా దండం పెట్టే చేతుల బొమ్మలు. ఒకాయన "నిప్పులాంటి మనిషి" అని రాశాడు. ఇంకొకాయన "కొలత తప్పని మనిషి" అని రాశాడు. అది చదివేసరికి నా నోట్లో ఉన్న చాయ్ ఎగిరి ఎదురు గోడ మీద పడింది. సరే, గోడ దాకా పోలేదు, లుంగీ మీద పడింది. పడిందన్నది మాత్రం నిజం.

కొలత తప్పని మనిషట! మడికొండ అవతల ఉన్న మా పాలిటెక్నిక్‌లో ఆయన ఎలక్ట్రికల్ హెడ్డు. నేను ఆయన కింద లెక్చరర్ని. ఆయన్ని భరించిన పుణ్యానికి నాకు స్వర్గంలో ముందు వరసలో కుర్చీ వేసి ఉంచుతారని ఇంట్లో అంటుంటాను. "ఆయనను నువ్వు భరించుడు కాదు, నిన్ను ఆయన భరించిండు" అంటుంది మా ఆవిడ. ఆ సంగతి ఇక్కడ వద్దు.

ఆయన నోట్లో ఎప్పుడూ జర్దా పాన్ ఉండేది. పాన్ వేసుకునే వాళ్ళు ఈ ఊళ్ళో కొల్లలు. దాంట్లో తప్పు పట్టడానికి నేనెవణ్ణి? ఆయన ఉమ్మే చోటు వేరు. ల్యాబు వెనక ఎర్త్ గుంత ఉండేది. కరెంటు ఎక్కడన్నా తప్పి బయటికొస్తే భూమిలోకి పంపడానికి బొగ్గూ ఉప్పూ పోసి పైపు పాతిన గుంత అది. అది తడిగా ఉంటేనే పనిచేస్తుంది. ఎండాకాలం మేము బకెట్లతో నీళ్ళు పోసేవాళ్ళం. ఆయన తన వంతు రోజంతా పోసేవాడు. పాఠం మధ్యలో లేచి, కిటికీ దాటి, గుంతలోకి గురిచూసి ఒక్క ఉమ్ము. వెనక్కి తిరిగి పిల్లలతో, "ఎర్త్ ఎన్నడు ఎండొద్దు బిడ్డా. నేనున్నన్ని దినాలు ఈ కాలేజీల ఎవ్వనికి షాక్ కొట్టది" అనేవాడు. పిల్లలు నవ్వేవాళ్ళు. నేను ముఖం పక్కకు తిప్పుకునేవాణ్ణి. ఆ గుంత చుట్టూ నేలంతా ఎర్రబారి, కోడిని కోసిన చోటులా ఉండేది.

ఇంకోటి చెప్తాను, అన్నం తిన్నాక చదవండి. ఆయన చాయ్‌లో బిస్కట్ ముంచుకునేవాడు. అది విరిగి లోపల పడేది. ఆయన ముంచితే విరగని బిస్కట్టును నేను చూడలేదు. జేబులోంచి టెస్టర్ తీసి, దాంతో ఆ మెత్తటి ముద్దను పైకి తీసి, చప్పరించి, టెస్టర్ని చొక్కాకు తుడిచి, అదే టెస్టర్ తీసుకుపోయి ప్లగ్గులో పెట్టి "సప్లై ఉన్నదిరా" అని కేకేసేవాడు. ఒకసారి ఆ తడికి షాక్ కొట్టి ఆయన నాలుక నీలంగా మారి, జుట్టంతా నిక్కబొడుచుకుంది. మారలేదు లెండి. నిక్కబొడుచుకోవడానికి ఆయనకు జుట్టు కూడా లేదు. కానీ అట్లా జరగాలని నేను చాలాసార్లు కోరుకున్నాను.

ఆయన సంతకం కంటే ముందు ఆయన బొటనవేలు పడేది. రికార్డు పుస్తకం పేజీ తిప్పాలంటే వేలు నాలుక మీద రాసుకోవాలి కదా, ఆ నాలుక నిండా పాన్ రసం. ప్రతి పేజీ మూలా ఎర్రటి ముద్ర. మూడేళ్ళు చదివిన పిల్లల దగ్గర ఆ ముద్రలు కుప్పలు. "సార్ కరెక్షన్ చేసిండా?" అని ఒకడంటే, ఇంకొకడు పుస్తకం తెరిచి వాసన చూసి "చేసిండు" అనేవాడు.

ఇవన్నీ ఒంటికి సంబంధించిన గలీజు. కడుక్కుంటే పోయే రకం. ఆయన మీద నాకున్న అసహ్యం అక్కడ పుట్టలేదు. ఒక చోక్ కాయిల్ దగ్గర పుట్టింది.

మొదటి ఏడాది పిల్లలకు ఆ ప్రయోగం ఉంటుంది. ఇనప దిమ్మ మీద రాగితీగ చుట్టిన కాయిల్ ఒకటి ఇస్తాం. దానికి ముందు డీసీ కరెంటు, అంటే ఊగకుండా ఒకే వైపు పోయేది, కొంచెంగా ఇచ్చి, ఎంత ఓల్టేజీకి ఎంత కరెంటు పోతుందో చూసి భాగించాలి. అది తీగ పెట్టే అడ్డం. తర్వాత ఏసీ ఇచ్చి మళ్ళీ భాగించాలి. ఈసారి అడ్డం పెరుగుతుంది. ఏసీ అంటే క్షణం కూడా నిలవకుండా అటూ ఇటూ ఊగే కరెంటు. అది ఊగినప్పుడల్లా కాయిల్ మొరాయిస్తుంది. తీగ అడ్డమూ ఈ మొరాయింపూ కలిసి మొత్తంగా ఎంత ఆపుతాయో అదే ఇంపీడెన్స్. అయితే ఆ రెంటినీ మామూలుగా కూడితే మొత్తం రాదు. లంబకోణ త్రిభుజంలో రెండు భుజాలూ కర్ణమూ ఎట్లానో అట్లా కలుస్తాయి.

మా కాయిల్‌కు తీగ అడ్డం ముప్పై ఓమ్‌లు, మొరాయింపు నలభై, మొత్తం యాభై. ముప్పై, నలభై, యాభై. మూడు, నాలుగు, అయిదు. బడిపిల్లల లెక్కల పుస్తకంలో త్రిభుజం! రాగితీగకు అంత చక్కగా లెక్కలొస్తాయని దేవుడు దిగివచ్చి చెప్పినా నేను నమ్మను. కాలేజీ పుట్టిన కొత్తలో హెడ్డే కొలిచి రాసిన అంకెలవి. లేదా కొలవకుండానే రాసినవి. ఆ తర్వాత ప్రతి బ్యాచూ తమ సీనియర్ల రికార్డు చూసి అవే ఎక్కించింది. మీటర్లు టేబుల్ మీద ఉండేవి, ముల్లు ఊగేది, దానివైపు ఎవరూ చూసేవాళ్ళు కాదు. వంద ఓల్టులకు రెండు ఆంపియర్లు, వందను రెండుతో భాగిస్తే యాభై, ఖతం. ఆయన వేలు తడిపి ముద్ర వేసేవాడు.

ఆయన మాట ఒకటుండేది. "మీటర్ ఇయ్యాల ఒకటి చూపెడ్తది, రేపు ఒకటి చూపెడ్తది. రికార్డు ఎప్పటికీ ఒక్కటే చూపెడ్తది. మనిషన్నోడు రికార్డు లెక్క ఉండాలె."

ఇదీ నిప్పులాంటి మనిషి నిప్పు.

ఆ కాయిల్‌ని ఆయనే కాల్చాడు. ఒకనాడు, డీసీ మోటార్లు తిప్పే బోర్డు దగ్గర, పిల్లలకు ఏదో ఘనకార్యం చూపిద్దామని దాన్ని తీసుకుపోయి నేరుగా రెండొందల ఇరవై ఓల్టుల డీసీకి తగిలించాడు. కరెంటు ఊగితేనే కాయిల్ మొరాయిస్తుందని చెప్పాను కదా, డీసీ ఊగదు. ఆ నలభై మొరాయింపు మాయమై ఉట్టి తీగ అడ్డమే మిగిలింది. ఆ ఎలక్ట్రికల్ హెడ్డుకు అది గుర్తురాలేదు. కాయిల్ ముందు వేడెక్కింది, తర్వాత పొగలు చిమ్మింది, ఆ పొగ సుబేదారి దాకా కనబడింది. సుబేదారి దాకా కనబడలేదు. వరండా దాకా వచ్చింది. కానీ వాసన! వార్నిష్ కాలిన వాసన ముక్కులోకి దూరితే రెండు స్నానాలు చేసినా పోదు.

"ఏంది సార్ వాసన?" అని నేను పరుగెత్తుకుంటూ పోయి అడిగాను.

ఆయన కాయిల్ మీద డస్టర్ కప్పి నిలబడి ఉన్నాడు. "ఎలుక సచ్చింది" అన్నాడు.

"పొగొస్తాంది కద సార్."

"వైర్ కొరికి సచ్చింది. ఏమోయ్, నన్ను గుచ్చి గుచ్చి అడగకుంటె జర ఆ ఎలుకను ఎతుకు."

నమ్మండి, వారం పాటు మాచేత ఆ ఎలుకను వెతికించాడు. అటెండరు బీరువాలన్నీ జరిపాడు. పిల్లలు బెంచీల కింద పాకారు. ఆయన కుర్చీలో కూర్చొని, పాన్ నములుతూ, "ఆ మూలకు సూడుర్రి, ఆడికెల్లే వాసన కొడ్తాంది" అని దారి చూపేవాడు. లేని ఎలుక కోసం అంత ఓపిగ్గా వెతికించిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఆ గొడవలో కాయిల్ మాయమైంది. కొన్నాళ్ళకు ఒంటి నిండా కొత్త పసుపు పట్టీ చుట్టుకొని, పెళ్ళికూతురిలా బల్ల మీద ప్రత్యక్షమైంది. వరంగల్ చౌరస్తా దగ్గర మోటార్లు చుట్టేవాళ్ళ దగ్గరికి పంపి చుట్టించాడు. వాళ్ళకేం తెలుసు? చేన్లలో కాలిన బోరు మోటార్లకు ఏ తీగ చుడతారో అదే తీగ, పట్టినన్ని చుట్లు చుట్టి పంపారు.

కాయిల్ వేరైపోయింది. రికార్డులో మాత్రం యాభై అట్లాగే ఉంది. మార్చాలంటే ఎందుకు మారిందో చెప్పాలి. చెప్పాలంటే ఎలుక బతికి లేచి రావాలి.

అట్లా ఎన్నో బ్యాచులు గడిచాయి. అప్పుడు ఏటూరునాగారం వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదివే ఒక పిల్లకు ప్రాక్టికల్ పరీక్షలో ఆ కాయిల్ పడింది. బక్కగా, చేతులు పొడుగ్గా ఉండేది. మాట తక్కువ. ఆ పరీక్ష పోతే ఏడాది పోయినట్టే. "ఒక్క సబ్జెక్ట్ పోయినా బట్టలు సదురుకొని వచ్చెయ్, చేన్ల పనున్నది" అని వాళ్ళ నాయన ముందే చెప్పి పంపాడని నాకు తెలుసు. ఆ పిల్లే నాతో చెప్పింది.

కనెక్షన్లు చక్కగా ఇచ్చింది. ఓల్టేజీ మెల్లగా వందకు తెచ్చింది. ముల్లు చూసింది. చూడటమే ఆ పిల్ల చేసిన తప్పు. రెండు దగ్గర ఆగాల్సిన ముల్లు మూడు దగ్గర కూర్చుంది. ఆ పిల్ల మూడు రాసింది. వందను మూడుతో భాగించి ముప్పై మూడు చిల్లర అని రాసింది.

హెడ్డు కాగితం చూసి నములుడు ఆపాడు. "ఏందే ఇది?"

"ఇంపీడెన్స్ సార్."

"ఇంపీడెన్స్ యాభై. మీ అక్కలకు యాభై వచ్చింది, అన్నలకు యాభై వచ్చింది. నీకే ముప్పై మూడెట్ల వచ్చిందే? నీకు స్పెషల్ కరెంట్ పంపిన్రా?"

"ముల్లు మూడు మీద ఉన్నది సార్. మీరు సూడున్రి."

"మీటర్ ఖరాబైంది. మార్చు."

"మార్చి సూసిన సార్. ఇంకోటి పెట్టినా అంతే వచ్చింది."

"ఇంకోటి మార్చు. యాభై వచ్చేదాక మార్చు."

వేరే కాలేజీ నుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ పక్కనే కూర్చొని ఉన్నాడు. బిర్యానీ ఎప్పుడొస్తుందా అని వాకిలి వైపు చూస్తున్నాడు. మా దగ్గర ఎక్స్‌టర్నల్‌కు బిర్యానీ పెట్టడం ఆనవాయితీ. అదీ ల్యాబు బల్ల మీదే, మీటర్లు పక్కకు జరిపి. ఆయన తొంగిచూసి, "వంద బై మూడు... భాగహారం కరెక్టే ఉన్నది కద సార్?" అన్నాడు.

"మీ కాలేజీల కరెక్టు. ఈడ యాభై" అన్నాడు హెడ్డు.

"మీ ల్యాబు, మీ ఇష్టం" అని ఎక్స్‌టర్నల్ మళ్ళీ వాకిలి వైపు తిరిగాడు.

అప్పుడు నేను బల్ల మీద గుద్ది లేచాను. "ఆ కాయిల్ మీరు కాల్చింది! మళ్ళ చుట్టించింది! అందరి ముంగట ఒప్పుకోండి!" అని నా గొంతు ల్యాబంతా మారుమోగింది. ఈ ముక్క నేను మా మనవలకు ఇట్లాగే చెప్తాను. మీకు ఉన్నదున్నట్టు చెప్తాను: లేచింది నిజం, గుద్దలేదు. ఆయన చెవి దగ్గరికి వంగి, "కాయిల్ మారింది కద సార్" అన్నాను.

ఆయన నా వైపు తిరగను కూడా తిరగలేదు. "కాయిల్ మారితె సిలబస్ మారుతదా?" అన్నాడు. అని లేచి, కిటికీ దగ్గరికి పోయి, గుంతలోకి ఉమ్మి, తీరిగ్గా మూతి తుడుచుకొని వచ్చి కూర్చున్నాడు. తర్వాత ఆ పిల్లతో ఎంత మెత్తగా మాట్లాడాడనుకున్నారు! ఆ మెత్తదనమే నాకు ఇప్పటికీ ఒంటి మీద జెర్రి పాకినట్టుంటుంది.

"సూడు బిడ్డా. నీ మీద నాకేం కోపం లేదు. మూడు కొట్టేసి రెండు రాయి. పాసైతవు. మంచి మార్కులేస్త. లేకుంటె ఏటూరునాగారం బస్సు హన్మకొండ చౌరస్తాల ఆగుతనే ఉంటది. ఫికర్ చెయ్యకు, నీ ఇష్టం."

ఆ పిల్ల ముల్లు వైపు చూసింది. అది మూడు మీదే ఉంది. నా వైపు చూసింది. తర్వాత మూడు మీద గీత కొట్టి రెండు రాసింది. యాభై రాసింది. ఆయన వేలు నాలుక మీద తిప్పి, పేజీ మూల నొక్కి, సంతకం పెట్టాడు. అదే సమయానికి బిర్యానీ వచ్చింది. ఎక్స్‌టర్నల్ చేతులు కడుక్కోవడానికి లేచాడు.

బయట కుళాయి దగ్గర ఆ పిల్ల కనబడింది. తడి చేతిరుమాలుతో పేజీ మూలనున్న ఎర్ర ముద్రను రుద్దుతోంది. రుద్ది రుద్ది కాగితం పిగిలింది.

"సార్, ఆ కాయిల్‌ల రెండు ఆంపియర్లు ఎన్నడన్న పోయినయా?" అని అడిగింది.

ఎలుక కథ చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. "వారమంత ఎతికిన్రా సార్?" అంది, నవ్వకుండా.

ఇదంతా సంతాపసభలో చెప్పాలని తయారై పోయాను. రాత్రంతా కాగితాల మీద రాసుకున్నాను. ఒక దస్తా నిండింది. దస్తా అన్నది ఉత్త కోతలే. కరెంటు బిల్లు వెనకాల రాసుకున్నాను. సభ ఎక్కడ పెట్టారనుకున్నారు? ఆ ల్యాబులోనే. మీటర్లు సర్దే బల్ల మీద ఆయన ఫోటో, పక్కన అగరుబత్తి. ఇప్పుడా ల్యాబు ఎవరిదంటే, ఆ ఏటూరునాగారం పిల్లది. చదివి, పైచదువులు చదివి, అక్కడికే లెక్చరరుగా వచ్చింది. కళ్ళద్దాలు, నేతచీర. పిల్లలు "మేడం, మేడం" అని చుట్టూ తిరుగుతున్నారు.

సభ మొదలుకాకముందు నన్ను పక్కకు పిలిచింది. "సార్, ఒకటి చూపెడ్త రాండ్రి."

బల్ల మీద ఆ కాయిల్. ఈసారి పట్టీ తెల్లగా ఉంది.

"మళ్ళ చుట్టించినవా మేడం?" అన్నాను.

"నన్ను మేడం అనకుండ్రి సార్. చుట్టించిన. ఒకసారి తక్కువ వచ్చింది, ఒకసారి ఎక్కువ వచ్చింది. ఆ మనిషిని మస్తు సతాయించిన. ఇగో, ఇప్పుడు కరెక్ట్ యాభై."

నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక మింగుడుపడలేదు. "రికార్డు మార్చక, కాయిల్‌ను మార్చినవా బిడ్డా?"

"రికార్డు మారుద్దామనే వచ్చిన కొత్తల కొట్లాడిన సార్. మాన్యువల్ అచ్చయి ఉన్నది. పాత రికార్డుల ఫోటోలు పోరగాండ్ల ఫోన్లల్ల తిరుగుతయి. వచ్చే ఎక్స్‌టర్నల్ కూడ యాభై ఉన్నదా లేదా అనే చూస్తడు. ప్రతి బ్యాచ్‌ల ఒక్కరో ఇద్దరో ముల్లు సూసేటోల్లుంటరు. వాళ్ళే ఏడుస్తాండ్రు. నాకు వాళ్ళు ఏడ్వొద్దు, అంతే."

"ఇప్పుడు కొలిచినా యాభైయే, కాపీ కొట్టినా యాభైయే. ఎవరు కొలిచిన్రో ఎట్ల తెలుస్తది?"

ఆమె అగరుబత్తి నుసి రాలకుండా కింద ఒక సాసరు జరిపింది. "కొలిచినోళ్ళకు తెలుస్తది సార్" అంది.

నేను స్విచ్ వేశాను. ఓల్టేజీ మెల్లగా వందకు తెచ్చాను. ముల్లు లేచి, కొంచెం వణికి, రెండు మీద ఆగింది. మీటరు వెనకాలే దండలో ఆయన. ఆ ఫోటోలో కూడా బుగ్గ ఒకవైపు ఉబ్బే ఉంది. బతికినన్నాళ్ళూ అబద్ధం చెప్పి, పోయాక నిజం చెప్పిన మనిషైపోయాడు. ఎట్లా పోనిచ్చారండీ ఆయన్ని అంత సులువుగా?

నన్ను మాట్లాడమన్నారు. కరెంటు బిల్లు జేబులోంచి తీశాను. ముందు వరసలో ఆమె కూర్చొని ఉంది, నా చేతిలో కాగితం వైపే చూస్తూ. నేను చదివితే ఆయనతో పాటు ఆమె తెల్ల పట్టీ కాయిల్ కూడా బజారున పడుతుంది. బిల్లు మడిచి పెట్టుకొని, "సార్ చెప్పిన విలువ ఇయ్యాల నేనే కొలిచి సూసిన. కరెక్టున్నది" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె కొట్టలేదు.

సభ అయ్యాక వెనకవైపు పోయాను. గుంత చుట్టూ నేల ఇంకా ఎర్రగానే ఉంది. ఇన్ని వానలకూ పోలేదు. ఒక్కసారి, జీవితంలో ఒక్కసారి, ఆయన గుంతలో ఆయనకోసం గట్టిగా కాండ్రించి ఉమ్మేసి వచ్చాను.

ఉమ్మలేదు. నిలబడ్డాను, గొంతు సవరించాను, నోట్లో తడి లేదు. గుంత కూడా ఎండి, బొగ్గు పగుళ్ళిచ్చి ఉంది. పక్కన బకెట్ ఉంటే కుళాయి కింద పెట్టి నింపి, పోసి వచ్చాను. లోపల పిల్లలు ఆ కాయిల్‌కు సప్లై ఇస్తున్నారు మరి.